ఒరిజినలా, థర్డ్‌పార్టీనా? గేమ్ కంట్రోలర్‌ను తూచి చూసి కొనే పద్ధతి

కంప్యూటర్‌లో ఆడుకోవడానికి కంట్రోలర్ కొందామని వెతికితే వెయ్యి రూపాయల నుంచి ఇరవై వేల దాకా రకరకాలు కనిపిస్తాయి. ఆ వరుస మధ్యలో ఎక్కడో మైక్రోసాఫ్ట్, సోనీ, నింటెండో తయారుచేసిన ఒరిజినల్ కంట్రోలర్లు ఉంటాయి. వాటిలో సగం ధరకే ఇతర కంపెనీలవి, అంటే థర్డ్‌పార్టీవి, ఇంకా ఎక్కువ సదుపాయాలతో దొరుకుతాయి. పదేళ్ల కిందట ఎవరిని అడిగినా ఒకటే సలహా ఇచ్చేవారు: మీకోసమైతే ఒరిజినల్ తీసుకోండి, అప్పుడప్పుడు ఇంటికి వచ్చే స్నేహితుల కోసమైతే చవకది సరిపోతుంది. ఆ సలహాకు ఇప్పుడు కాలం చెల్లింది. బొటనవేళ్లతో తిప్పే స్టిక్‌ల విషయంలో కొన్ని థర్డ్‌పార్టీ కంట్రోలర్లు ఒరిజినల్‌ను దాటిపోయాయి. ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ లాంటి కన్సోల్‌తో కుదరడం, వైబ్రేషన్, దీర్ఘకాలిక మద్దతు లాంటి వాటిలో ఒరిజినల్‌దే ఇప్పటికీ పైచేయి.

నా అభిప్రాయం ముందే చెబుతాను. కంప్యూటర్‌లో ఆడేవారికి అయస్కాంత స్టిక్‌లున్న మంచి థర్డ్‌పార్టీ కంట్రోలర్ ఒరిజినల్ కంటే మేలైన కొనుగోలు. ప్లేస్టేషన్ 5 ఉన్నవారు మాత్రం ఒరిజినల్‌ను వదులుకోకూడదు. ఈ రెండు మాటలకూ కారణాలున్నాయి. వాటిని తెలుసుకుంటే రేపు మార్కెట్లోకి ఏ కొత్త మోడల్ వచ్చినా మీరే తూచుకోగలరు.

మొదటి మెట్టు: దేనికి తగిలించబోతున్నారు?

ధర చూడకముందే, రంగు చూడకముందే తేల్చుకోవలసిన ప్రశ్న ఇది. ఎంత మంచి కంట్రోలరైనా మీ యంత్రం దాన్ని ఒప్పుకోకపోతే పెట్టిన డబ్బు వృథా.

విండోస్ కంప్యూటర్‌ది విశాలమైన లోకం. 2005లో ఎక్స్‌బాక్స్ 360తో పాటు మైక్రోసాఫ్ట్ ఎక్స్‌ఇన్‌పుట్ అనే పద్ధతిని తెచ్చింది. అప్పటి నుంచి కంప్యూటర్ గేమ్‌లు దాదాపు అన్నీ ఎక్స్‌బాక్స్ కంట్రోలర్‌ను దృష్టిలో పెట్టుకునే తయారవుతున్నాయి. థర్డ్‌పార్టీ కంట్రోలర్లు కూడా 'నేను ఎక్స్‌బాక్స్ కంట్రోలర్‌నే' అని కంప్యూటర్‌కు పరిచయం చేసుకుంటాయి కాబట్టి తగిలించగానే పనిచేస్తాయి. పెట్టె మీద ఎక్స్‌ఇన్‌పుట్ మద్దతు ఉందని రాసి ఉందో లేదో చూడండి. అంతకు ముందు కాలపు డైరెక్ట్‌ఇన్‌పుట్ ఒక్కటే ఉన్న అతి చవక కంట్రోలర్లతో కొత్త గేమ్‌లలో ప్రతిసారీ బటన్లు సర్దుకోవలసి వస్తుంది. గేమ్‌లు కొని ఆడుకునే స్టీమ్ యాప్‌లో కంట్రోలర్ సెట్టింగ్‌లు ఆ పనిని చాలావరకు తేలిక చేస్తాయి కానీ స్టీమ్ బయట ఆడే గేమ్‌లకు ఆ సాయం అందదు.

ఇక్కడే ఒక చిక్కుంది. ఎక్స్‌ఇన్‌పుట్‌లో జైరోకు, అంటే కంట్రోలర్‌ను చేతిలో వంచి గురిపెట్టే సదుపాయానికి, చోటే లేదు. పెట్టె మీద 'సిక్స్ యాక్సిస్ జైరో' అని పెద్ద అక్షరాలతో ఉన్నా, ఎక్స్‌బాక్స్ మోడ్‌లో ఉన్నంతసేపు ఆ జైరో సమాచారం గేమ్‌కు చేరదు. చాలా మోడళ్లలో నింటెండో స్విచ్ మోడ్‌కు మార్చి, స్టీమ్ ద్వారా వాడుకోవాలి. జైరో మీకు ముఖ్యమైతే ప్లేస్టేషన్ 5 ఒరిజినల్ కంట్రోలరైన డ్యూయల్‌సెన్స్‌ను గానీ, మోడ్ మార్చే వీలున్న థర్డ్‌పార్టీని గానీ ఎంచుకోండి. ఎక్స్‌బాక్స్ ఒరిజినల్‌లో జైరో లేనే లేదు.

ప్లేస్టేషన్ 5 సంగతి పూర్తిగా వేరు. అది తన తలుపును గట్టిగా వేసుకుంది. సోనీ సొంత పాత కంట్రోలర్ డ్యూయల్‌షాక్ 4 కూడా ఆ యంత్రం మీద పీఎస్4 గేమ్‌లకే పనిచేస్తుంది, పీఎస్5 గేమ్‌లకు పనిచేయదు. సోనీ లైసెన్సుతో రేజర్, నేకన్, విక్ట్రిక్స్ లాంటి కంపెనీలు చేసిన కంట్రోలర్లు ఉన్నాయి. అవి వెనక బటన్లతో, మార్చుకునే స్టిక్‌లతో ఖరీదుగా వస్తాయి. అయితే సందర్భాన్ని బట్టి బిగుసుకునే ట్రిగ్గర్లు (చూపుడువేళ్లతో నొక్కే మీటలు), చేతికి వాన చినుకుల్నీ ఇసుకనీ వేరువేరుగా తెలియజేసే సూక్ష్మ కంపనాలు డ్యూయల్‌సెన్స్‌కే సొంతం. రేజర్ వుల్వరిన్ వీ2 ప్రోలోనైతే వైబ్రేషనే లేదు. పోటీ షూటింగ్ గేమ్‌లే ఆడేవారికి అది లోటుగా తోచకపోవచ్చు. కథా గేమ్‌లు ఆడేవారికి మాత్రం పీఎస్5 కొన్న ఆనందంలో పెద్ద భాగం ఆ కంపనాల్లోనే ఉంటుంది.

ఎక్స్‌బాక్స్ కన్సోల్ ఉన్నవారు ఒక తేదీని గుర్తుపెట్టుకోవాలి. 2023 నవంబర్ 12 నుంచి మైక్రోసాఫ్ట్ తన అనుమతి లేని ఉపకరణాలను కన్సోల్ మీద అడ్డుకోవడం మొదలుపెట్టింది. అంతకు ముందు రోజు దాకా చక్కగా పనిచేసిన మార్పిడి అడాప్టర్లు కూడా ఆగిపోయాయి. కాబట్టి పెట్టె మీద 'ఎక్స్‌బాక్స్ కోసం రూపొందించినది' అనే అధికారిక ముద్ర ఉన్నవే చూడండి. హాల్ అనే అయస్కాంత స్టిక్‌లున్న గేమ్‌సర్ జీ7 ఎస్‌ఈ అలాంటిదే. దానికి వైర్ ఉంటుంది, లైసెన్సు ఉంది.

నింటెండో స్విచ్ మీద 8బిట్‌డో, గులికిట్, హోరి లాంటివి బాగానే ఆడతాయి. అయితే 2025 జూన్‌లో స్విచ్ 2 వచ్చినప్పుడు పాత థర్డ్‌పార్టీ కంట్రోలర్లకు ఫర్మ్‌వేర్, అంటే కంట్రోలర్ లోపలి సాఫ్ట్‌వేర్, అప్‌డేట్ అవసరమైంది. తమ పాత కొనుగోలుదారులను పట్టించుకున్న కంపెనీలు అప్‌డేట్ ఇచ్చాయి. దీన్నుంచి తీసుకోవలసిన పని ఒకటుంది: కొనే ముందు ఆ కంపెనీ సొంత వెబ్‌సైటు తెరిచి, పాత మోడళ్లకు ఫర్మ్‌వేర్ అప్‌డేట్‌లు ఎంతకాలం ఇచ్చిందో చూడండి. వెబ్‌సైటే లేని బ్రాండ్‌ను అక్కడే పక్కన పెట్టేయవచ్చు.

ఫోన్‌కైతే ఎక్కువ ఆలోచన అక్కర్లేదు. ఐఫోన్‌లో 2019 నాటి ఐఓఎస్ 13 నుంచి ఎక్స్‌బాక్స్, ప్లేస్టేషన్ కంట్రోలర్లకు మద్దతు ఉంది, ఆండ్రాయిడ్‌లో ఇంకా ముందు నుంచే ఉంది. మీరు ఆడే గేమ్ కంట్రోలర్‌ను ఒప్పుకుంటుందో లేదో మాత్రం ముందే చూసుకోండి.

రెండో మెట్టు: థర్డ్‌పార్టీ వేరు, నకిలీ వేరు

ఈ రెండింటినీ కలిపేయడం వల్లే చాలామంది మోసపోతున్నారు. 8బిట్‌డో, గేమ్‌సర్, మన దేశపు బ్రాండ్లైన కాస్మిక్ బైట్, రెడ్‌గేర్, ఎవోఫాక్స్ తమ పేరుతోనే అమ్ముతాయి. అవి థర్డ్‌పార్టీ. డ్యూయల్‌సెన్స్ ఆకారంలో, సోనీ గుర్తుతో, సగం కంటే తక్కువ ధరకు వచ్చేది నకిలీ. దాని లోపల ఏముందో, బ్యాటరీకి రక్షణ సర్క్యూట్ ఉందో లేదో ఎవరూ హామీ ఇవ్వరు. ఒరిజినల్ ధర కొత్త వస్తువుకు మూడో వంతుకు పడిపోయిందంటే అది ఒరిజినల్ కాదని నిర్ధారించుకోండి.

మన దేశంలో అమ్మే పెట్టె మీద దిగుమతిదారు పేరు, చిరునామా, గరిష్ఠ చిల్లర ధర, తయారైన దేశం, వినియోగదారుల ఫిర్యాదుల కోసం ఫోన్ నంబరు తప్పనిసరిగా ఉండాలి. ఇవి లేని పెట్టెతో వచ్చిన వస్తువుకు వారంటీ అడగడానికి మీకు మనిషే దొరకడు. అమెరికా నుంచి బంధువులు తెచ్చిచ్చే కంట్రోలర్ ఒరిజినలే అయినా, వారంటీ సాధారణంగా కొన్న దేశానికే పరిమితం. ఆ లెక్క ధరలో కలుపుకోండి.

మూడో మెట్టు: స్టిక్ లోపల ఏముంది?

నా దృష్టిలో మొత్తం బేరీజులో సగం బరువు దీనిదే, అందుకే ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

ఎక్స్‌బాక్స్, డ్యూయల్‌సెన్స్, స్విచ్ ప్రో ఒరిజినల్ కంట్రోలర్ల స్టిక్‌లలో పొటెన్షియోమీటర్ అనే చిన్న భాగం ఉంటుంది. పాత రేడియోలో శబ్దం పెంచే తిప్పుడు బటన్ కింద ఉండేదీ అదే. కార్బన్ పూత పూసిన దారి మీద ఒక లోహపు పుల్ల రాసుకుంటూ కదులుతుంది. అది ఎక్కడుందో బట్టి వోల్టేజి మారుతుంది, దాన్నే కంట్రోలర్ స్టిక్ స్థానంగా చదువుతుంది. రాపిడి ఉన్నచోట అరుగుదల తప్పదు. కార్బన్ అరిగి, ఆ పొడి అక్కడే పేరుకుని, చదివే విలువ తప్పుతుంది. మీరు స్టిక్‌ను తాకకపోయినా తెరమీద పాత్ర తనంతట తానే నడుస్తుంది. దీన్నే డ్రిఫ్ట్ అంటారు. స్విచ్‌తో పాటు వచ్చే చిన్న కంట్రోలర్లైన జాయ్‌కాన్‌ల డ్రిఫ్ట్ మీద 2019లో అమెరికాలో దావాలు పడ్డాయి. 2020లో నింటెండో అధ్యక్షుడు షుంతారో ఫురుకావా ఆ ఇబ్బందికి క్షమాపణ చెప్పారు.

ఖరీదు పెరిగినంత మాత్రాన ఈ సమస్య పోదు. ఎక్స్‌బాక్స్ ఎలైట్ సిరీస్ 2 సాధారణ కంట్రోలర్‌కు రెండు మూడు రెట్లు ఖరీదైనది. 2019 చివర్లో వచ్చిన ఆ కంట్రోలర్ మీద ఫిర్యాదులు పెరిగాక, 2020 అక్టోబర్‌లో మైక్రోసాఫ్ట్ దాని వారంటీని 90 రోజుల నుంచి ఏడాదికి పెంచింది. 2023లో వచ్చిన డ్యూయల్‌సెన్స్ ఎడ్జ్‌లో సోనీ స్టిక్ మాడ్యూల్‌ను ఊడదీసి కొత్తది పెట్టుకునేలా చేసింది. అది మంచి ఆలోచనే, కానీ లోపలి భాగం పొటెన్షియోమీటరే.

థర్డ్‌పార్టీ కంపెనీలు వేరే దారి పట్టాయి. స్టిక్ కింద చిన్న అయస్కాంతం, దాని ఎదురుగా సెన్సర్ ఉంటాయి. రెండూ ఒకదాన్నొకటి తాకవు. 1879లో ఎడ్విన్ హాల్ కనుగొన్న సూత్రం మీద పనిచేస్తుంది కాబట్టి దీన్ని హాల్ ఎఫెక్ట్ స్టిక్ అంటారు. ఇది నిన్న మొన్నటిది కాదు. 1998 నాటి సెగా డ్రీమ్‌క్యాస్ట్ కంట్రోలర్‌లోనే ఉంది. ఎక్స్‌బాక్స్ కంట్రోలర్ల ట్రిగ్గర్లలో కూడా ఈ సెన్సర్లే వాడుతున్నారు, స్టిక్‌లకు మాత్రం వాడలేదు. ఈ దశాబ్దం మొదట్లో గులికిట్, తర్వాత 8బిట్‌డో, గేమ్‌సర్ దీన్ని మధ్యతరగతి ధరలోకి తెచ్చాయి. ఇటీవల టీఎంఆర్ అనే మరో అయస్కాంత పద్ధతి వచ్చింది. అది కూడా తాకకుండానే పనిచేస్తుంది, హాల్ కంటే తక్కువ కరెంటు తీసుకుంటుంది, కదలికను ఇంకా సూక్ష్మంగా పసిగడుతుంది. ధరలో తేడా కొద్దిగానే ఉంటే టీఎంఆర్ తీసుకోండి. తేడా ఎక్కువైతే హాల్ చాలు.

అయితే 'హాల్ ఎఫెక్ట్' అనే మాట చూసి అమరత్వం వచ్చిందనుకోకండి. సెన్సర్ అరగకపోయినా, స్టిక్‌ను మధ్యకు తెచ్చే స్ప్రింగ్ వదులవుతుంది. స్టిక్‌ను లోపలికి నొక్కితే పనిచేసే చిన్న స్విచ్ అరుగుతుంది. పైనున్న రబ్బరు టోపీ ఊడుతుంది. మరో సంగతి: బలమైన అయస్కాంతం దగ్గరికి వస్తే రీడింగ్ పక్కకు జరగవచ్చు. అయస్కాంతం ఉన్న ఫోన్ కవరును కంట్రోలర్ పక్కనే పెట్టే అలవాటుంటే మానుకోండి.

అన్నిటికంటే ముఖ్యమైనది, అన్ని హాల్ స్టిక్‌లూ ఒక్కటి కావు. ఫర్మ్‌వేర్ సరిగ్గా రాయకపోతే అయస్కాంత స్టిక్ కంటే కొత్త పొటెన్షియోమీటర్ స్టిక్కే గురిపెట్టడానికి హాయిగా ఉంటుంది. ఆ లోపాన్ని ఎలా కనిపెట్టాలో పరీక్షల దగ్గర చెబుతాను.

నాలుగో మెట్టు: వైరా, డాంగిలా, బ్లూటూతా?

థర్డ్‌పార్టీ పెట్టెల మీద '1000 హెర్ట్జ్' అని గొప్పగా ఉంటుంది. కంట్రోలర్ సెకనుకు ఎన్నిసార్లు తన స్థితిని కంప్యూటర్‌కు చెబుతుందో ఆ అంకె. 1000 అంటే మిల్లీసెకనుకు ఒకసారి, 125 అంటే 8 మిల్లీసెకన్లకు ఒకసారి. సెకనుకు 60 ఫ్రేములతో ఆడే గేమ్‌లో ఒక్కో ఫ్రేము దాదాపు 16.7 మిల్లీసెకన్లు. అంటే ఆ రెండు అంకెల మధ్య సగటు తేడా ఒక ఫ్రేములో నాలుగో వంతు కూడా ఉండదు. ఫైటింగ్ గేమ్‌లు పోటీగా ఆడేవారు దీన్ని లెక్కలోకి తీసుకోవచ్చు. ఫుట్‌బాల్, కార్ల పందేలు, కథా గేమ్‌లు ఆడేవారు ఈ అంకె కోసం ఒక్క రూపాయి ఎక్కువ ఇవ్వనక్కర్లేదు. పైగా ఆ 1000 సాధారణంగా వైరుతోనో, డాంగిల్ అనే, యూఎస్‌బీ పోర్టుకు తగిలించే చిన్న వైర్‌లెస్ రిసీవర్‌తోనో మాత్రమే వస్తుంది, బ్లూటూత్‌కు వర్తించదు.

నిజంగా తేడా తెలిసేది అనుసంధాన పద్ధతిలో. వైరు నమ్మకమైనది. 2.4 గిగాహెర్ట్జ్ డాంగిల్ దాదాపు దానికి సమానం. బ్లూటూత్ మూడో స్థానం, ముఖ్యంగా హెడ్‌ఫోన్, మౌస్, కీబోర్డు అన్నీ బ్లూటూత్ మీదే నడుస్తున్న కంప్యూటర్‌లో. ఎక్స్‌బాక్స్ ఒరిజినల్‌ను కంప్యూటర్‌కు బ్లూటూత్‌తో కలిపితే దాని హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి శబ్దం రాదు. శబ్దం కావాలంటే వైరు వాడాలి, లేదా మైక్రోసాఫ్ట్ అడాప్టర్ విడిగా కొనాలి. చాలా థర్డ్‌పార్టీ కంట్రోలర్లు డాంగిల్‌ను పెట్టెలోనే ఇస్తాయి. ధర పోల్చేటప్పుడు ఇది మరవకండి.

డాంగిల్ వాడేవారికి ఒక ఉపయోగకరమైన కిటుకు. యూఎస్‌బీ 3 పోర్టులు, వాటికి తగిలించిన హార్డ్‌డిస్కులు 2.4 గిగాహెర్ట్జ్ పరిధిలో రేడియో గోల పుట్టిస్తాయి. ఇంటెల్ దీని మీద 2012లోనే సాంకేతిక పత్రం ప్రచురించింది. కంట్రోలర్ మధ్యమధ్య తడబడుతుంటే లోపం దానిదేనని తీర్మానించకముందు, డాంగిల్‌ను చిన్న ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో క్యాబినెట్‌కు దూరంగా, మీకు ఎదురుగా పెట్టి చూడండి. వాపసు చేసే కంట్రోలర్లలో కొన్నైనా దీంతో బాగుపడతాయి.

ఐదో మెట్టు: ట్రిగ్గర్లు, బటన్లు, చేతిలో అమరిక

కార్ల పందేలు ఆడితే ట్రిగ్గర్‌ను ఎంత నొక్కితే అంత వేగం రావాలి. స్విచ్ ప్రో కంట్రోలర్ ట్రిగ్గర్లు అలాంటివి కావు, అవి ఆన్, ఆఫ్ రెండే తెలిసిన బటన్లు. స్విచ్ కోసమే చేసిన థర్డ్‌పార్టీలలో కూడా చాలావరకు అంతే. కంప్యూటర్‌కు వాటిని కొనాలనుకుంటే ఆలోచించుకోండి. షూటింగ్ గేమ్‌లకు దీనికి తలకిందులైన అవసరం ఉంటుంది, ట్రిగ్గర్ కొద్దిగా కదలగానే పేలాలి. వెనకవైపు చిన్న మీటతో ట్రిగ్గర్ ప్రయాణాన్ని తగ్గించే సదుపాయం ఉన్న మోడల్ రెండు అవసరాలూ తీరుస్తుంది.

వైబ్రేషన్‌లో ఎక్స్‌బాక్స్ ఒరిజినల్‌కు నాలుగు మోటార్లు ఉంటాయి, పిడుల్లో రెండు, ట్రిగ్గర్లలో రెండు. ఫోర్జా లాంటి గేమ్‌లో బ్రేకు పట్టు తప్పుతున్నప్పుడు ఆ విషయం ఎడమ వేలికి తెలుస్తుంది. చవక థర్డ్‌పార్టీలలో పిడుల్లోని రెండే ఉంటాయి.

చేతిలో అమరికను పెట్టె చూసి చెప్పలేం. ఎక్స్‌బాక్స్‌లో ఎడమ స్టిక్ పైన, కుడి స్టిక్ కింద ఉంటాయి, ప్లేస్టేషన్‌లో రెండూ ఒకే వరుసలో. అలవాటైన అమరికనే ఎంచుకోండి. ఇంట్లో పదేళ్ల పిల్లలు కూడా ఆడతారంటే పెద్ద పిడులు వద్దు. మెత్తటి రబ్బరు పూత గురించి ప్రత్యేకంగా హెచ్చరిస్తాను. దుకాణంలో తాకితే ఎంతో బాగుంటుంది, కానీ గాలిలో తేమకు ఆ పూత కొన్నేళ్లలో విచ్చిపోయి జిగటగా మారుతుంది. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం లాంటి తీరప్రాంతాల్లో ఉండేవారు గరుకుగా అచ్చుపోసిన మామూలు ప్లాస్టిక్ పిడులనే కోరుకోవాలి.

ఆరో మెట్టు: డబ్బు లెక్క

పెట్టె ధరను కాకుండా పూర్తి ఖర్చును పక్కపక్కన రాసుకోండి. ఉదాహరణకు ఒరిజినల్ ఎక్స్‌బాక్స్ కంట్రోలర్ 5,500 అనుకుందాం. అది రెండు డబుల్-ఏ సెల్‌లతో నడుస్తుంది. ఛార్జ్ అయ్యే సెల్‌లు, ఛార్జర్ కొంటే మరో వెయ్యి. కంప్యూటర్‌కు అడాప్టర్ కావాలంటే ఇంకా పైన. థర్డ్‌పార్టీ 3,000కి బ్యాటరీ, డాంగిల్ కలిపి వస్తుంది. ఇక్కడ దాని వైపే మొగ్గు.

ఇప్పుడు రెండో వైపు చూడండి. ఎక్స్‌బాక్స్ కంట్రోలర్ సెల్‌లతో 40 గంటల దాకా వస్తుందని మైక్రోసాఫ్ట్ చెబుతుంది. అంతకంటే ముఖ్యం, సెల్‌లు పాడైతే కొత్తవి ఏ కిరాణా కొట్లోనైనా దొరుకుతాయి. లోపల బిగించిన లిథియం బ్యాటరీ కొన్నేళ్లకు నీరసిస్తుంది, అప్పుడు కంట్రోలర్‌ను విప్పాలి. విడిభాగాల విషయంలో ఒరిజినల్‌ను మించినది లేదు. స్టిక్ మాడ్యూల్, బటన్లు, పై తొడుగు అన్నీ విడిగా దొరుకుతాయి, విప్పే విధానం చూపే వీడియోలు కోకొల్లలు. ఒక్కో స్టిక్‌ను 14 చోట్ల సోల్డర్ చేసి ఉంటారు కాబట్టి కొత్తవారు ఇంట్లో ప్రయత్నించకపోవడమే మంచిది. సికింద్రాబాద్ సీటీసీ లాంటి కంప్యూటర్ మార్కెట్ దగ్గర ఉన్నవారికి ఆ పని తెలిసిన చేతులు దొరకడం కష్టం కాదు. పాత ఒరిజినల్ ఇంట్లో డ్రిఫ్ట్‌తో పడి ఉంటే, దానికే హాల్ లేదా టీఎంఆర్ మాడ్యూళ్లు వేయించే మార్గం కూడా ఉంది. వేయించాక క్యాలిబ్రేషన్, అంటే స్టిక్ మధ్య స్థానాన్ని కంట్రోలర్‌కు మళ్లీ నేర్పడం, చేసి ఇస్తారో లేదో ముందే అడగండి, అది లేకపోతే స్టిక్ మధ్యకు రాదు.

రోజూ గంటల తరబడి షూటింగ్ గేమ్‌లు ఆడేవారి చేతిలో స్టిక్‌లే ముందు పోతాయి, వారికి అయస్కాంత స్టిక్ డబ్బు మిగులుస్తుంది. వారాంతంలో మాత్రమే ఆడేవారికి ఒరిజినల్ స్టిక్‌లు ఏళ్ల తరబడి నిలవవచ్చు. వారు చేతికి ఏది హాయిగా ఉంటే అది తీసుకోవడంలో తప్పులేదు.

ఏడో మెట్టు: ఇంటికి వచ్చిన రోజే పరీక్ష

ఆన్‌లైన్‌లో కొన్నవాటికి వాపసు గడువు కొద్ది రోజులే. పెట్టె విప్పడం మొదలుపెట్టినప్పటి నుంచి వీడియో తీయండి. ముందు ఫర్మ్‌వేర్‌ను కంపెనీ సొంత వెబ్‌సైటు నుంచే తెచ్చుకుని అప్‌డేట్ చేయండి. కొన్ని లోపాలు అక్కడే సర్దుకుంటాయి.

స్టార్ట్ మెనూలో గేమ్ కంట్రోలర్స్ అని వెతికితే విండోస్‌లోనే చిన్న పరీక్షా తెర వస్తుంది. బ్రౌజర్‌లో తెరుచుకునే గేమ్‌ప్యాడ్ పరీక్షా పేజీలు ఇంకా మేలు, అవి ప్రతి స్టిక్ విలువను మైనస్ ఒకటి నుంచి ఒకటి దాకా దశాంశాల్లో చూపిస్తాయి, నడిమధ్య సున్నా. ఇంట్లో పాత ఒరిజినల్ ఉంటే రెండింటినీ వరుసగా పరీక్షించండి. పోలిక లేని అంకెకు అర్థం ఉండదు.

స్టిక్‌ను ఒక్కో దిక్కుకు లాగి ఒక్కసారిగా వదలండి. ప్రతిసారీ దాదాపు సున్నాకు రావాలి. 0.02, 0.05 లాంటి చిన్న తేడాలు కొత్త ఒరిజినల్‌లోనూ ఉంటాయి. 0.1 దాటి అక్కడే ఆగిపోతే ఆ వస్తువును ఉంచుకోవద్దు.

తర్వాతది చాలామంది వదిలేసే పరీక్ష. స్టిక్‌ను వీలైనంత నెమ్మదిగా, వెంట్రుకవాసి చొప్పున కదపండి. విలువ 0.01, 0.02, 0.03 అంటూ పాకుతూ పెరగాలి. సున్నా దగ్గరే చాలాసేపు ఉండి హఠాత్తుగా 0.1కి దూకితే, డ్రిఫ్ట్ కనిపించకుండా ఉండటానికి తయారీదారు మధ్యలో పెద్ద డెడ్‌జోన్, అంటే కదిపినా లెక్కలోకి రాని భాగం, పెట్టారన్నమాట. అలాంటి కంట్రోలర్ మధ్యలో 'తప్పు సున్నా' అని చూపిస్తుంది కానీ దూరంగా ఉన్న శత్రువు మీద గురి కొద్దిగా సవరించుకోవాలంటే చేతకాదు. కొన్ని మోడళ్లలో దీన్ని వాటి యాప్‌లోనో బటన్ల కలయికతోనో తీసేయవచ్చు. తీసేసి మళ్లీ చూడండి.

ఇప్పుడు స్టిక్‌ను అంచుల వెంట నెమ్మదిగా గుండ్రంగా తిప్పండి. నాలుగు దిక్కుల్లోనూ విలువ 1కి గానీ మైనస్ 1కి గానీ చేరాలి. ఎక్కడైనా 0.95 దగ్గరే ఆగితే ఆ దిక్కున మీ పాత్ర పూర్తి వేగంతో పరుగెత్తదు. దీనికి వ్యతిరేకం కూడా లోపమే: స్టిక్ ఇంకా సగం దారిలో ఉండగానే 1 వచ్చేస్తే మిగతా ప్రయాణమంతా వృథా.

ట్రిగ్గర్‌ను నెమ్మదిగా నొక్కుతూ విలువ క్రమంగా పెరుగుతోందో, లేక ఒక్కసారిగా 1 అయిపోతోందో చూడండి. నాలుగు దిక్కుల బటన్‌లో 'పై'ని గట్టిగా నొక్కి పట్టుకుని బొటనవేలిని కొద్దిగా అటూ ఇటూ ఊపండి. పక్క దిక్కు తరచూ వెలుగుతుంటే ఫైటింగ్ గేమ్‌లలో మీ ఎత్తులు తప్పుతాయి. మిగతా బటన్లను నడిమధ్య కాకుండా అంచుల మీద కూడా నొక్కి చూడండి.

ఆలస్యాన్ని ఫోన్‌తోనే పోల్చవచ్చు. సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్ ఉంటే, మీ బొటనవేలూ తెరా ఒకే ఫ్రేములో పడేలా పెట్టి, దూకే బటన్ పలుమార్లు నొక్కండి. బటన్ కిందికి తగిలిన ఫ్రేము నుంచి తెర మీద కదలిక మొదలైన ఫ్రేము దాకా లెక్కపెట్టండి. ఒక్కో ఫ్రేము నాలుగు మిల్లీసెకన్ల పైచిలుకు. వచ్చే మొత్తంలో గేమ్, మానిటర్ ఆలస్యాలు కలిసే ఉంటాయి కాబట్టి ఆ అంకె విడిగా పనికిరాదు. అదే గేమ్, అదే తెర మీద రెండు కంట్రోలర్ల సగటుకు మధ్య తేడాయే మీకు కావలసింది.

అంకెలు అన్నీ బాగున్నా, మీరు బాగా ఎరిగిన గేమ్‌నే కనీసం రెండు సాయంత్రాలు ఆడండి. కొత్త గేమ్‌తో పరీక్షిస్తే తడబాటు ఎవరిదో తెలియదు. ఆడాక బొటనవేలి మొదట్లో, చూపుడువేలి కణుపుల్లో నొప్పి ఉందేమో గమనించండి. వెనక బటన్లు మీరు కోరకుండానే నొక్కుడుపడుతున్నాయంటే, వాటిని యాప్‌లో ఆపేసి మరోసారి ఆడండి.

లోపం తేలితే గడువు చివరి రోజు దాకా ఆగకండి. పరీక్షా తెర కనిపించేలా తీసిన వీడియో, బిల్లు, పెట్టె మీది దిగుమతిదారు వివరాల ఫొటో జతచేసి వాపసు కోరండి. 'స్టిక్ బాగాలేదు' అని రాస్తే బేరం సాగుతుంది. 'కుడి స్టిక్ వదిలిన తర్వాత 0.14 దగ్గర ఆగుతోంది, వీడియో జతచేశాను' అని రాస్తే అవతలివారికి వాదించడానికి తావుండదు. అయినా తిరస్కరిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి, అవే ఆధారాలతో ఫిర్యాదు నమోదు చేయించండి. తెలుగులోనూ మాట్లాడవచ్చు.